మొగలిపొద సాక్ష్యం

మా ఇంట్లో అబద్ధమాడిన వాళ్ళను అబద్ధాలకోరు అనరు, "మొగలిపువ్వు" అంటారు. మా అవ్వ పెట్టిన పేరది. ముందు నాకే పెట్టింది, తరవాత ఇంటిల్లిపాదికీ పాకింది. ఇప్పటికీ మా తమ్ముడి మనవడు చాక్లెట్ తిని తినలేదని బుకాయిస్తే వాళ్ళమ్మ "ఒరే మొగలిపువ్వూ, ముందు మూతి తుడుచుకో" అంటుంది. ఆ మాట ఎక్కడిదో ఆ అమ్మాయికి తెలియదు. తెలిసినవాళ్ళం ఇద్దరమే మిగిలాం, నేనూ, మా మేనత్త కొడుకు శీనయ్యా. అతనికైనా విని తెలుసు తప్ప చూసి తెలియదు. అది జరిగిన రోజున అతనింకా మా అత్త కడుపులోనే ఉన్నాడు.

ఈ ఏటి శ్రావణంలో శీనయ్య ఫోన్ చేశాడు. "వదినా, కాలవ గట్టున మొగలిపొద తీసేయిస్తా ఉండా. రొయ్యల గుంటకి మేత బండి పోవాలంటే దారి చాలడం లేదు. నువ్వెప్పుడూ ఆ పొద కతలే చెప్తావు గదా, చూసుకుంటానంటే రేపే వచ్చి పో" అన్నాడు. మంచం పట్టిన పెద్దవాళ్ళ కబురు చెప్పినట్టే చెప్పాడు. మా ఆయన "పొదకు కూడా పరామర్శా?" అని నవ్వుతూనే సంచిలో నీళ్ళసీసా పెట్టి ఇచ్చారు. నెల్లూరులో బస్సెక్కాను. తోటపల్లి గూడూరులో దిగి ఆటో మాట్లాడుకుని ఊరికి వెళ్ళేదాకా నా మనసు మనసులో లేదు. నేను ముప్పై ఏళ్ళు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పిన మనిషిని. చెట్లు పుడతాయి, పోతాయి అని పిల్లలకు బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పాను. కానీ ఆ పొద పోతుందంటే మాత్రం కోపం వచ్చింది. ఎవరి మీదో తేలక ఆటో అబ్బాయి మీద విసుక్కున్నాను.

మొగలిని చూడనివాళ్ళకు అదేమిటో చెప్పాలి. చెట్టు అనడానికి అది నిటారుగా నిలబడదు, పొద అనడానికి మనిషి కంటే ఎత్తు పెరుగుతుంది. తిన్నగా పెరగడం చేతకాక అటూ ఇటూ ఒరిగి, ఎక్కడ పడిపోతానో అన్న భయంతో కాండం నుంచి ఊడలు దించి నేలను పట్టుకుంటుంది. ఉప్పునేల, ఇసుకనేల, కాలవ గట్టు ఎక్కడైనా సరే, వేరు దొరికితే కదలదు. ఆకులు బారెడు పొడవుంటాయి. రెండంచులా ముళ్ళు, చాలవన్నట్టు నడుమీనె మీద ఇంకో వరస. మా చిన్నప్పుడు ఆ ముళ్ళు చీరేసి ఆకులు ఎండబెట్టి పల్లెపాలెం ఆడవాళ్ళు చాపలల్లేవారు. ఊడల్ని నరికి, చివర రాయితో దంచితే పీచు తేలి కుంచె అయ్యేది. మా ఇంటి గోడలకు సున్నం కొట్టింది ఆ కుంచెలతోనే. అవ్వ తాంబూలంలోకి కాచు ఉండలను మొగలిపువ్వు పొరల మధ్య పెట్టి డబ్బాలో దాచేది. ఆ డబ్బా మూత తీస్తే వంటింటి ఇంగువ వాసన కూడా కాసేపు తప్పుకునేది.

పువ్వంటే మామూలు పువ్వు కాదు. కంకిని కప్పుకుని లేత పసుప్పచ్చ రేకులు పొట్లం కట్టినట్టు ఉంటాయి. అవి నిజానికి ఆకులే, కానీ ఆ సంగతి బడిలో చెప్పినప్పుడు ఆడపిల్లలు నా మొహాన్ని అనుమానంగా చూసేవారు. ఉరిమితేనే మొగలి విచ్చుకుంటుందని మా ఊళ్ళో నమ్మకం. వానల కాలంలో పూస్తుంది కాబట్టి ఉరుము కూడా పక్కనే ఉంటుంది, అంతే. ఇందులో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. ఘుమఘుమలాడే పువ్వు మగచెట్టుదే. ఆడచెట్టుకు అనాసకాయలాంటి కాయ కాస్తుంది. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు అవ్వ "సింగారమంతా మగోడికి, కనేది మాత్రం ఆడది. చెట్లలో కూడా ఇదేనా!" అని తాత వైపు ఓ చూపు చూసింది. తాత పేపరు కాస్త పైకెత్తుకున్నాడు.

ఇక పాములు. మొగలిపొదలో నాగుపాములుంటాయని, వాసనకు మత్తెక్కి చుట్టుకుని పడుకుంటాయని పుట్టిన పిల్లాడికి కూడా తెలుసు. నిజమేమిటంటే పాములకు అత్తరు మీద మోజేమీ లేదు. ముళ్ళపొద కదా, కుక్కా గేదే రావు, కాబట్టి కప్పలు, ఎలుకలు అందులో చేరతాయి. వాటికోసం ఎప్పుడైనా పాము వస్తే వస్తుంది, లేకపోతే లేదు. ఏటా కొత్త పిల్లలకు ఈ మూఢనమ్మకాన్ని విప్పి చెప్పడం నాకు ఇష్టమైన పాఠం. మా తాతకు మాత్రం ఈ పాఠం చెప్పేవాళ్ళు లేకపోయారు. ఆరడుగుల మనిషి, మెలితిప్పిన మీసం, ఎడ్లను ఒక్క కేకతో నిలబెట్టేవాడు. కానీ దారిలో తాడుముక్క కనిపిస్తే పక్క చేలోంచి చుట్టూ తిరిగి వచ్చేవాడు. బయట ఎవరికీ తెలియదు. అవ్వకు తెలుసు. తెలిసి ఊరుకునే మనిషి కాదు.

అవ్వ కోపానికి ఓ చరిత్ర ఉంది. మా నాన్న కడుపులో ఉన్నప్పుడు తన సీమంతానికి మొగలిరేకుల జడ వేసుకోవాలని అవ్వ తాతను అడిగిందట. అప్పుడు పొద మనదే, గట్టు మనదే, పువ్వు చేతికందే ఎత్తులో ఉంది. తాత పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చి "ఈ ఏడు పూతే ల్యా" అన్నాడట. పొద మీద నుంచి వచ్చే గాలికి ఊరంతా ఘుమఘుమలాడుతుంటే ఆ మాట అన్నాడట! అవ్వ మల్లెపూలతో సరిపెట్టుకుంది. ఆ తరవాత ముప్పై ఏళ్ళు తాత ఏ విషయంలో మీసం తిప్పినా "అవునయ్యా, ఆ ఏడు పూతే ల్యా గదా" అనేది. పంట బాగా పండినా, పంచాయితీలో తాత మాట నెగ్గినా, చివరికి ఆ మాటతోనే ముగిసేది. మా చిన్నత్తకు సీమంతం నిశ్చయమైన రోజు తాత లేచి నిలబడి అందరి ముందూ చెప్పాడు. "నా కూతురి జడకి మొగలిపువ్వు నేను కోసుకొస్తా. నా చేత్తో." అవ్వ ఆకులో సున్నం రాసుకుంటూ "సాక్ష్యానికి పిల్లని తీసుకుపో" అంది. ఆ పిల్లను నేను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.

పొద్దున్నే చద్దన్నం తిని బయలుదేరాం. తాత చేతిలో కొడవలి, ఇంకో చేతిలో పొడవాటి వాసం. గట్టు ఎక్కేదాకా పాట పాడాడు, పొద కనపడగానే పాట ఆపాడు. ముందు వాసంతో దూరం నుంచి పొదను తట్టాడు. తరవాత "హుష్" అన్నాడు. తరవాత నన్ను తన వెనక్కి జరిపి, ఓ అడుగు ముందుకు వేసి, రెండడుగులు వెనక్కి వేశాడు. నాలుగు మూరల ఎత్తులో పువ్వు పసుప్పచ్చగా కనిపిస్తూనే ఉంది. ఇంతలో పొదలో ఏదో గరగరమంది. ఒక ఉడుము బయటికి వచ్చి, మమ్మల్ని చూసి, విసుగ్గా కాలవలోకి దిగిపోయింది. నేను దాన్ని చూసి తల తిప్పేసరికి తాత పక్కన లేడు. గట్టు దిగి, చేను దాటి, తుమ్మచెట్టు కింద పంచె సర్దుకుంటున్నాడు. నేను వెళ్ళి నిలబడితే "నువ్వు భయపడతావని వచ్చేసినా" అన్నాడు. ఆయన మొహం చూసి నవ్వు రాలేదు. ముప్పై ఏళ్ళ మాట తీరే రోజున కూడా అది చేతకాలేదని ఆయనకు నిజంగా ఏడుపొచ్చేట్టుంది.

అప్పుడే మస్తాన్ భాయ్ సైకిల్ మీద వచ్చాడు. నెల్లూరులో అత్తరు, కాచు, ఊదువత్తులు అమ్మే కుటుంబం వాళ్ళది. వానాకాలమంతా ఈ గట్ల వెంట తిరిగి మొగలిపూలు కోసుకుని వెళ్ళేవాడు. పొడవాటి కర్రకు కొడవలి కట్టి, కింద నిలబడే కోసేవాడు. కోసిన ప్రతి పువ్వుకూ బయటి ముళ్ళాకులు ఒలిచి, రేకులు విచ్చుకుని వాసన పోకుండా కొసన తడి అరటినారతో ఓ కట్టు కట్టి, తడి గోనెలో చుట్టేవాడు. తాత ఆయనకు సంగతి చెప్పుకున్నాడు. ఎంత సిగ్గుపడుతూ చెప్పాడంటే, చెప్పేంతసేపూ నన్ను కాలవలో చేపలు చూడమన్నాడు. మస్తాన్ భాయ్ నవ్వలేదు. గోనె విప్పి అన్నిటికంటే పెద్దపువ్వు తీసి ఇచ్చాడు. "తీసుకో అన్నా. బిడ్డ సీమంతానికంటే ఇది నా కానుక అనుకో. అక్కకి మాత్రం నా పేరు చెప్పబాక, నువ్వు కోసినట్టే ఉండనీ" అన్నాడు.

అక్కడి నుంచి తాత పని చూడాలి! పువ్వు మొదలు కొడవలితో మళ్ళీ కోసి పచ్చిగా చేశాడు. ఓ మొగలాకు తెచ్చి నాచేత తన మోచేతుల మీద గీయించుకున్నాడు. "ఇంకొంచెం గట్టిగా గీకమ్మా, రగతం కనపడాల" అన్నాడు. పంచె కొసను చింపుకున్నాడు. తలలో రెండు ఎండుటాకులు పెట్టుకున్నాడు. ఆఖరున నా ముందు గొంతుక్కూర్చుని "నువ్వు చూసినావు గదా?" అని అడిగాడు. ఆ మనిషి జీవితంలో నన్నేదైనా అడిగిన మొదటిసారి అదే. "చూసినా తాతా" అన్నాను. ఇంట్లో మాత్రం అక్కడితో ఆగలేదు. అవ్వ చుట్టూ పేరంటాళ్ళు, గాజుల మలారం, పసుపు వాసన, నన్నే చూస్తున్న అన్ని కళ్ళు. అంతమంది ఎదట మాట్లాడే అవకాశం మళ్ళీ ఎప్పుడొస్తుంది? "రెండు పాములవ్వా. ఒకటి పడగెత్తింది. తాత 'పో తల్లీ' అంటే పోయింది. నా కళ్ళతో చూసినా" అన్నాను. తాత నా వైపు కంగారుగా చూశాడు. ఆయన అడిగినది అంత పెద్ద సాక్ష్యం కాదు.

అవ్వ పువ్వు చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసింది. కొసన వేలు పెట్టి ఏదో లాగి, గుప్పిట్లో దాచుకుంది. మొదటి రేకు విప్పి, అత్త జడలో కాకుండా, తన కొప్పులో పెట్టుకుంది. అందరూ నవ్వారు, అవ్వ కూడా నవ్వింది. అత్త జడ కుట్టడం, గాజులు తొడగడం, చలిమిడి పంచడం అన్నీ అయ్యాయి. పేరంటాళ్ళు వెళ్ళాక, సాయంత్రం దీపం పెట్టే ముందు, అవ్వ మమ్మల్నిద్దరినీ పూజగదిలోకి పిలిచి గుప్పిట విప్పింది. అరటినార! "ఏమయ్యా, పాములే కట్టినాయా ఈ కట్టు? నెల్లూరికి పంపించే పూలకి మస్తాన్ కడతాడు గదా ఇట్లా?" అంది. తాత గడపను చూశాడు. నేను తాతను చూశాను. ఇద్దరం దొరికిపోయామని తెలిశాక, విచిత్రంగా, నాకు ముందు కలిగింది భయం కాదు, ఆ నార మాకెలా కనపడలేదా అన్న కోపం.

ఆ రోజు విన్నాను మొగలిపువ్వు కథ, నిలబెట్టి చెప్పగా. "బ్రెమ్మకీ విష్ణువుకీ ఎవరు గొప్పో అని తగువొచ్చింది. నడిమధ్య శివుడు అగ్గిస్తంభమై లేచినాడు. దీని మొదలో కొసో చూసినోడే గొప్ప అన్నారు. విష్ణువు పందిరూపెత్తి కిందికి పోయినాడు, కానరాక వచ్చి చూళ్ళేదని ఒప్పుకున్నాడు. బ్రెమ్మ హంసయ్యి పైకి పోయినాడు. ఆయనకీ కానరాలా. దారిలో మొగలిపువ్వు పైనించి రాలతా వస్తా ఉంటే, నేను కొస చూసినానని సాక్ష్యం చెప్పు అని అడిగినాడు. ఆ పిచ్చిది మొగమాటానికి పోయి చెప్పింది. బ్రెమ్మకి పూజ ల్యాకుండా పోయింది. ఆ పువ్వు శివుడి పూజకి పనికిరాకుండా పోయింది." నేను కళ్ళు తుడుచుకుంటూ "అది మంచిదే గదవ్వా, ఆయన అడిగినాడని చెప్పింది" అన్నాను. "అందుకే ఆడోళ్ళ తలలో ఉండనిచ్చినాడు" అంది. తరవాత తీర్పు. తాతకు ఆ వారం పెరుగు లేదు. నాకు శివరాత్రి దాకా శివుడి పూజకు పూలు కోసే పని లేదు.

పెరుగు లేకపోతే ఏమవుతుందో తాతకు తెలియాలి గానీ, నాకు పడిన శిక్ష ఎంత పెద్దదో ఇప్పటికీ చెప్పగలను. రోజూ తెల్లవారి పూలసజ్జ తీసుకుని తుమ్మిపూలు, నందివర్ధనాలు కోసుకురావడం ఆ ఇంట్లో నాకున్న ఏకైక ఉద్యోగం. అది తీసి మా తమ్ముడికి ఇచ్చింది. వాడికి పూలు కోయడం రాదు, నలుపుతాడు. కార్తీకమాసమంతా వాడు నలిపిన పూలతో పూజ జరుగుతుంటే నేను పక్కన నిలబడి చూశాను. శివరాత్రి పొద్దున సజ్జ మళ్ళీ నా చేతికి వచ్చినప్పుడు ధైర్యం చేసి అడిగాను, నార చూసి కూడా ఆ రేకు కొప్పులో ఎందుకు పెట్టుకుందని. అవ్వ విభూతి నలుపుతూనే ఉంది. "ముప్పై ఏళ్ళకైనా నాకోసం ఒక అబద్ధం చెప్పాలనిపించింది గదమ్మా మీ తాతకి" అంది. అప్పుడు నాకేమీ అర్థం కాలేదు. నవ్వుతున్నదో ఏడుస్తున్నదో కూడా తెలియలేదు. ఆ తరవాత మా ఇంట్లో "పూతే ల్యా" అన్న మాట మళ్ళీ వినపడలేదు.

ఇదంతా ఆటోలో తలుచుకుంటూ గట్టు దగ్గర దిగేసరికి జేసీబీ వచ్చి ఉంది. పాత చేలు లేవు, అన్నీ రొయ్యల గుంటలే, గాలిచక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి. ఒకప్పుడు గట్టు పొడవునా ఉన్న పొద ఇప్పుడు ఒక్క గుంపుగా మిగిలింది. కానీ పూసింది. రొయ్యల మేత వాసనలో నుంచి ఆ వాసన నా దాకా వచ్చి తాకింది. ఈమధ్య పెళ్ళిళ్ళలో ఇచ్చే రంగునీళ్ళ షర్బత్‌లో మొగలి వాసన అని వేసే సీసా సరుకు వేరు, ఇది వేరు. ముందు నేను టీచరులాగే మాట్లాడాను. "శీనయ్యా, ఈ ఊడలే గట్టుని పట్టుకొని ఉండాయి. తుపానుకి గట్టు తెగకుండా ఇన్నాళ్ళూ కాసింది ఇదే" అన్నాను. "కాంక్రీటు పోస్తాలే వదినా" అన్నాడు. దారి పది అడుగులు గుంట వైపు జరుపుకోమన్నాను. "గుంట చిన్నదయిపోతాది" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు, అతని లెక్క అతనిది. డ్రైవరు, నలభై ఏళ్ళ మనిషి, మర్యాదగా "అమ్మా, కాస్త పక్కకి జరగండి" అని ఇంజను మోగించాడు. ఇనుప చెయ్యి పైకి లేచింది.

"అందులో పాములుండాయి" అన్నాను. నా నోటి నుంచే వచ్చింది, ముప్పై ఏళ్ళు ఆ మాట తప్పని చెప్పిన నోటి నుంచి! డ్రైవరు ఇంజను ఆపేశాడు. "నాగుపాములా అమ్మా? నిజంగా చూసినారా?" అన్నాడు, అప్పటికే చెప్పులు విడిచి. "నా కళ్ళతో చూసినా" అన్నాను. నాగుల జోలికి పోతే ఇంట్లో పిల్లలకు మంచిది కాదని అతను తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. శీనయ్య నా మొహంలోకి చూశాడు. అతనికి నా జీవశాస్త్రం తెలుసు, మా అవ్వ కథ కూడా తెలుసు. "ఎన్ని వదినా?" అన్నాడు. "రెండు." "ఒకటి పడగెత్తిందా?" "ఎత్తింది." "పో తల్లీ అంటే పోయిందా?" నేను నవ్వు ఆపుకోలేక కాలవ వైపు తిరిగాను. ఆ సీమంతం పువ్వు అతని కోసమే కదా వచ్చింది! శీనయ్య గుంటనూ పొదనూ మార్చి మార్చి చూసి, డ్రైవరుతో "మా వదిన టీచరన్నా. ఆమె చూసినానంటే చూసినట్టే. దారి ఇటు పక్కనించి తియ్యి, గుంట కొంచెం తగ్గినా పర్లేదు" అన్నాడు. నన్ను ఆటో ఎక్కిస్తూ, ఎవరికీ వినపడకుండా "తీర్పు తెలుసు గదా వదినా?" అన్నాడు.

తెలుసు. అవ్వ పూజించిన చిన్న శివలింగం ఇప్పుడు నెల్లూరులో మా అపార్ట్‌మెంటులో ఉంది. బాల్కనీ కుండీలో నందివర్ధనం ఈ కార్తీకంలో విరగబూసింది. పూలు మా ఆయన కోస్తున్నారు. ఎన్నిసార్లు చెప్పినా తొడిమతో కోయరు, రేకులు నలిపేస్తారు. నేను చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడి చూస్తున్నాను. శివరాత్రికి ఇంకా చాలా రోజులున్నాయి.